కళ్లు తెరిచి కూర్చునే ధ్యానం

అక్కకు,

చెల్లెలు నమస్కరించి చెప్పుకునే సంగతులు. ఇక్కడ నేనూ మీ మరిదీ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ అమ్మాయీ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ప్రతి ఉత్తరంలోనూ చెయ్యి దానంతటదే రాసుకుపోయే ముక్క ఇది. ఈసారి మాత్రం "క్షేమం" దగ్గర కలం ఆగింది. నీ ఉత్తరం అందినప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

చెవుల్లో మోత బాగా పెరిగిందని రాశావు. నిద్ర లేదన్నావు. ఒక్కోసారి తల తీసుకెళ్లి గోడకు కొట్టుకోవాలనిపిస్తోందన్నావు. డాక్టరిచ్చిన చెవి మిషను తీసి బీరువాలో పడేశాననీ, ఎల్లుండి ఆదివారం నేను మొదటిసారి చేయించబోయే ధ్యానానికి వచ్చేస్తున్నాననీ రాశావు. "నీకు పోయింది కదే, నాకూ పోతుంది. ఆ ఆశ ఒక్కటే నన్ను నిలబెడుతోంది" అన్న మాట చదివాక పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. ఆ సంగతికి వస్తాను. ముందు నువ్వడిగిన మిగతావాటికి జవాబు రాస్తే కాస్త ధైర్యం వస్తుందని నా ఆశ.

నా మోకాలు ఫర్వాలేదు. మెట్లెక్కేటప్పుడు తిట్టుకుంటాను, దిగేటప్పుడు మర్చిపోతాను. మీ మరిది సంగతి అడగకు. మిల్లు మూతపడిన దగ్గర్నుంచి మగ్గాల మెకానిక్కుకు మగ్గాలు లేవు, నా వంటగది దొరికింది. కుక్కర్ పిడి మార్చారు, ఇప్పుడు మూత పడదు. తలుపు గడియ బాగుచేశారు, ఇప్పుడు తలుపే తెరుచుకోదు. "ఇంట్లో అన్నీ బిగించేశాను, ఇంక నువ్వొక్కదానివే వదులుగా మిగిలావు" అని నవ్వుతారు. ఆయన నవ్వుతుంటే పెదాలు కనబడవు, మీసం అడ్డం. సగం మాటలు అలాగే పోతాయి. అదీ ఒకందుకు మంచిదే.

ఫోన్ చేసుకోవచ్చు కదా, ఈ ఉత్తరాలేమిటని అమ్మాయి విసుక్కుందన్నావు. పాపం, దానికేం తెలుసు? మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే ఇద్దరం ఒకేసారి అరుస్తాం, ఎవరికీ ఏమీ అందదు, ఇరుగుపొరుగుకు మాత్రం మన ఇళ్ల గుట్టంతా తెలిసిపోతుంది.

షెడ్డులో మనం మాట్లాడుకున్న సైగలు కూడా అది అడిగిందట కదా, కొన్ని మర్చిపోయాను, రాసి పంపమన్నావు. నీకు మరుపా! అన్ని మరమగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడినా తెలియని చోట, ఆ చేతులతోనే కదా మనం పోట్లాడుకుంది, నవ్వుకుంది, నా పెళ్లి సంబంధం ఖాయం చేసింది. సరే, రాస్తున్నాను. గడ్డం దువ్వుకున్నట్టు చేస్తే సూపర్‌వైజరు వస్తున్నాడని. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. చెయ్యి తల మీదికెత్తి అరచెయ్యి చూపిస్తే షిఫ్టు అయిపోయింది, ఇంక పదండి అని. చెవి పక్కన పిడికిలి తిప్పితే మగ్గం నడుస్తోందని. అరచెయ్యి నేలవైపు తిప్పి నడుం దాకా దించితే మగ్గం ఆగిందని, ఇప్పుడు లోపల చెయ్యి పెట్టొచ్చని. ఆ చివరి రెండూ అమ్మాయికి జాగ్రత్తగా నేర్పు. వాటివల్లే మన వేళ్లన్నీ మనకు మిగిలాయి.

ఇక ఆదివారం ఏర్పాట్లు. టైర్ల కొట్టు మీది గది అద్దెకు తీసుకున్నాం. పొడుగ్గా ఉంటుంది, రెండు కిటికీలు, కింద నుంచి రబ్బరు వాసన. "ఆదివారం సుత్తి ముట్టుకోనమ్మా, మీరు ప్రశాంతంగా కానివ్వండి" అన్నాడు కొట్టువాడు. వచ్చేవాళ్లంతా మన షెడ్డు మనుషులే, వాడు సుత్తితో ఏం చేసుకున్నా ఎవరికీ వినపడదని చెప్పడానికి నోరు రాలేదు. చాపలు ఉతికి ఆరేశాను. దుప్పట్లు మడిచి దిండ్లలా పెట్టాను. కంచు గిన్నెలు మూడూ చింతపండుతో తోమి తుడిచాను. వాటిని కొట్టే కొయ్యలకు మీ మరిది మిల్లులో మిగిలిన మెత్తటి గుడ్డ చుట్టి కుట్టారు. బోర్డు కూడా ఆయనే రాశారు, నీలం రంగుతో: "సామూహిక ధ్యానం, నాద చికిత్స." దాన్ని చూసి రెండు రోజులు పొంగిపోయాను, అబద్ధమెందుకు.

నాకు నేర్పినావిడ గురించి నీకు సరిగా రాయలేదు. మన అమ్మాయి ఈడుది. మంచి మనిషే, కానీ మాట్లాడితే గుసగుస. "కళ్లు మూసుకోండి" అంటుంది. అంతే, అక్కడితో నాకు ఆవిడ మాయం. పెదాలు చూడకపోతే మనకు మాటేదీ? అందరూ ఊపిరి పీలుస్తున్నారో వదులుతున్నారో తెలియక ఒక కన్ను తెరిచి పక్కావిడ పొట్ట చూస్తూ నేర్చుకున్న నెలలన్నీ నెట్టుకొచ్చాను. ఈ గిన్నెలు జబ్బులు నయం చెయ్యవు, కాసేపు ఊరటనిస్తాయి, మందులూ మిషన్లూ మానొద్దు అని ఆవిడ మొదటిరోజే చెప్పిందట. మేము కళ్లు మూసుకున్నాక చెప్పింది. నాకెలా అందుతుంది? చాలా రోజుల తర్వాత, ఎదురుగా నిలబెట్టి అడిగితే తెలిసింది.

గిన్నె కొట్టడంలో ఒకే ఒక్క నియమం. ఒకసారి కొట్టాక ఆ నాదం పూర్తిగా అణిగేదాకా ఆగాలి. అణిగాక వచ్చే నిశ్శబ్దంలో కాసేపు ఉండాలి. ఆ తర్వాతే మళ్లీ కొట్టాలి. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడు. నాకు అక్కడే చిక్కొచ్చింది.

నిన్న గురువారం, ఆదివారానికి ముందు ఒకసారి చేసి చూద్దామని నలుగుర్ని పిలిచాను. నూలు కండెలు చుట్టే పిన్ని వచ్చింది. మన వెనక వరసలో ఉండే పొడుగావిడ వచ్చింది. గోదాములో చేసిన అప్పచెల్లెళ్లిద్దరూ వచ్చారు. వస్తూనే పిన్ని నా రెండు చేతులూ పట్టుకుని, "నీకు మోత పూర్తిగా పోయిందటగా! మీ అక్కయ్య ఉత్తరం రాసింది. అది చదివి ఏడ్చాననుకో" అని అరిచింది. మనవాళ్ల గుసగుసే అంత ఉంటుంది, ఇంక సంతోషం వస్తే చెప్పాలా. కింద టైర్ల కొట్టువాడు తలెత్తి చూశాడు. నువ్వు పిన్నికొక్కదానికే కాదు, అందరికీ రాశావని అప్పుడు తెలిసింది. ఆదివారం వస్తామన్న వాళ్లంతా ఎందుకు వస్తున్నారో కూడా అప్పుడే తెలిసింది. నా మీద ప్రేమ అనుకున్నాను ఇన్నాళ్లూ.

సరే, కూర్చోబెట్టాను. నాకు నేర్పినావిడ చేసినట్టే, అందరూ స్థిమితపడాలని చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించాను. నలుగురూ ఒక్క ఉదుటున లేచి, సంచులు తీసుకుని, చెప్పులు తొడుక్కుని తలుపు దగ్గరికి వెళ్లిపోయారు. షిఫ్టు అయిపోయిందిగా మరి! నవ్వలేక చచ్చాం. పొడుగావిడ మెట్లు కూడా దిగేసింది, మీ మరిది వెళ్లి వెనక్కి తీసుకొచ్చారు. "ఇంత తొందరగా ధ్యానం అయిపోతే రోజూ వస్తాను" అంది.

ఆ నవ్వులో రెండోది చేశాను. కళ్లు మూసుకోమన్నాను. మూసుకోగానే గోదాం అప్పచెల్లెళ్లలో చిన్నదాని మొహం మారిపోయింది. భయంతో కళ్లు తెరిచి, "వద్దక్కా, మూసుకుంటే మోత మీదకొస్తోంది" అంది. నాకు తెలుసు కదా ఆ సంగతి. కళ్లు తెరిచే ఉంచండి, ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ గుండ్రంగా కూర్చోండి అన్నాను. అలా కూర్చున్నాక పెద్ద గిన్నె కొట్టాను.

బాగా పలికింది అక్కా. చెవితో సగం, చాప మీద పెట్టిన అరచేత్తో సగం విన్నాం. అందరి మొహాలూ మెత్తబడ్డాయి. నేను నాదం అణగడం కోసం ఆగాను. ఆగాను. ఇంకా ఆగాను. పొడుగావిడ దగ్గింది. గోదాం పెద్దది దుప్పటి అంచు పీకడం మొదలుపెట్టింది. నేను మాత్రం కొయ్య పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. నా చెవిలో అది మోగుతూనే ఉంది. ఏది గిన్నెదో, ఏది నాదో నాకు తెలియలేదు.

పిన్ని ఎంతసేపు చూసిందో మరి. ఎదురుగా కూర్చుని చెవి పక్కన పిడికిలి తిప్పింది, నాది నడుస్తూనే ఉంది అని. తర్వాత నావైపు గడ్డం ఎగరేసింది, నీది? అని.

నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏం చేసేదాన్నో తెలియదు. నా చెయ్యి దానంతటదే లేచి పిడికిలి తిప్పింది. నడుస్తోంది అని.

నోటితో మనం ఎన్ని కోతలు కోయలేదు! సూపర్‌వైజరుకు చెప్పిన అబద్ధాలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ సైగతో షెడ్డులో ఎవరూ, ఎంత పడని మనిషితోనైనా, ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఆడితే ఎదుటి మనిషి వేళ్లు పోతాయి. నా నోటికీ కలానికీ లేని బుద్ధి నా చేతికుంది.

ఇప్పుడు నీకు చెప్పక తప్పదు. నాకు మోత పోలేదక్కా. ఒక్కరోజు కూడా పోలేదు. ఈ ఉత్తరం రాస్తుంటే కూడా ఎడమ చెవిలో పాత షెడ్డు మొత్తం ఆడుతోంది. మొదటిసారి ఆ గిన్నెల మధ్య పడుకున్న మధ్యాహ్నం నిజంగానే అది కాస్త వెనక్కి జరిగినట్టయింది. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. లేచేసరికి మళ్లీ వచ్చి కూర్చుంది. అదే వారం నీ ఉత్తరం వచ్చింది, అక్షరాలు వంకర్లు పోయి, మధ్యలో ఏడ్చినట్టు కాగితం ఉబ్బి. నీకు ఏదో ఒక మంచి మాట రాయాలనిపించింది. "వెనక్కి జరిగింది" అని రాయాల్సిన చోట "పోయింది" అని రాశాను. నువ్వు సంతోషపడ్డావు. ఆ తర్వాత ఉత్తరంలో నీ అక్షరాలు తిన్నగా వచ్చాయి. వాటిని చూసి మళ్లీ అదే రాశాను. జాలితోనే మొదలుపెట్టాను, కాదనను. కానీ అందరిలోకీ నాకే ఏదో పట్టుబడిందని నువ్వు మెచ్చుకుంటుంటే బాగుండేది కూడా. ఆ ముక్క దాచి మిగతాది చెప్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

నా సైగ అందరూ చూశారు. పొడుగావిడ లేచింది. ఈసారి నవ్వుతూ కాదు. "రెండు బస్సులు మారి వచ్చాను నేను" అని మాత్రం అని వెళ్లిపోయింది. మీ మరిది కూడా ఆపలేదు. గోదాం అప్పచెల్లెళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ కూర్చుండిపోయారు.

పిన్ని నా దగ్గరికి జరిగి, నా పెదాలకు ఎదురుగా తన పెదాలు పెట్టి, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"మరి అక్కయ్యకెందుకలా రాశావే?"

"ఏడుస్తోందని, పిన్నీ."

"ఇప్పుడు నవ్విస్తావా? పెట్టుకునే మిషను కూడా తీసేసిందట. నాకు రాసింది."

"ఆదివారం వస్తుందిగా. వచ్చాక మెల్లిగా చెప్తాను."

"అంత దూరం ఆశ మోసుకుని వచ్చాక చెప్తావా? ఇక్కడ, ఇంతమందిలో, దాన్ని మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?" అంది పిన్ని. "ముందు దానికి చెప్పు. చెప్పకుండా గిన్నె ముట్టుకున్నావంటే నేను ఈ గడప తొక్కను."

కాసేపటికి తనే మళ్లీ, "చెప్తే మాత్రం వస్తాను. పోకపోతే పోకపోయింది. ఇందాక అది మోగినంతసేపూ నా మోతతో నేను పోట్లాడలేదు. అది చాలు నాకు" అని చెప్పులు తొడుక్కుంది.

పొద్దున్నుంచి ఇంట్లో ఆయన నా వెనకాలే తిరుగుతున్నారు. నా మోత సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసు. నీకు అలా రాశానని మాత్రం నిన్ననే తెలిసింది. కోప్పడతారనుకున్నాను. వెళ్లి బోర్డు తెచ్చి ముందు పెట్టి, "ఏం చేద్దాం దీన్ని?" అన్నారు. "చికిత్స అన్న మాట గీకేయండి" అన్నాను. కూర్చుని బ్లేడుతో గీకారు. నీలం రంగు పొడి నేలంతా రాలింది. మీసం కింద ఏదో అన్నారు, నాకు అందలేదు. మళ్లీ చెప్పమంటే కాగితం తెచ్చి రాశారు: "పోస్టులో వేస్తే ఆదివారం లోపల అందదు. నేనే తీసుకెళ్తాను."

అందుకే ఇది ఆయన చేతికిచ్చి పంపిస్తున్నాను. రేపు పొద్దుటి బస్సుకు బయల్దేరతారు. నువ్వు చదవడం అయ్యేదాకా ఎదురుగా కూర్చోమన్నాను. నా మీద కోపం వస్తే ఆయన మీద చూపించు, ఆయనకు అలవాటే. గోడకు తల కొట్టుకోవాలనిపిస్తోందన్న మాట నీలోనే దాచుకోవద్దు. అమ్మాయికి విడిగా ఒక చీటీ రాసి ఇందులో పెట్టాను, నిన్ను మళ్లీ ఆ చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పమని. కూతురితో చాడీ చెప్పానని తిట్టుకో. తిట్టుకున్నా సరే, వెళ్లు.

నీది పోతుందని నేను చెప్పలేను. నాది పోలేదు. అయినా తింటున్నాను, మీ మరిదితో పోట్లాడుతున్నాను, కొన్ని రోజులు పడుకుంటున్నాను. మిషను పెట్టుకున్నప్పుడు బయటి చప్పుళ్లు లోపలికొచ్చి మోతను కాస్త పక్కకు నెడతాయి, అది నీకూ అనుభవమే. గిన్నె మోగినప్పుడు ఇంకాస్త. ఇంతకంటే నా దగ్గరేం లేదు.

ఆదివారం వచ్చినవాళ్లకు గిన్నె ముట్టుకోకముందే, నిలబడి, అందరికీ కనబడేలా పిడికిలి తిప్పి చూపిస్తాను. ఎంతమంది లేచి వెళ్లిపోతారో తెలియదు. పొడుగావిడ ఎలాగూ రాదు. భయంగానే ఉంది. అందరూ వెళ్లిపోతే మూడు గిన్నెలూ సంచిలో వేసుకుని వచ్చేస్తాను. నాదం అణిగిందో లేదో చెప్పడానికి మీ మరిదిని పక్కన కూర్చోమన్నాను. అణగ్గానే ఆయన చెయ్యి దించుతారు. అప్పుడే మళ్లీ కొడతాను.

నీకు రావాలనిపిస్తే ఆయన వెంట రా. మోత పోగొట్టుకోవడానికి మాత్రం రావద్దు. నా ఎడమ పక్కన ఒక చాప వేసి ఉంచుతాను, మనం నిలబడ్డ వరసలోనే. నా మొహం చూడబుద్ధి కాకపోతే రాకు. అప్పుడు కూడా మిషను మాత్రం పెట్టుకో.

అక్కా, నీ మగ్గం మీట నా వైపు ఉండేది. పోగును అటూ ఇటూ మోసే నాడె లోపల ఇరుక్కున్నప్పుడల్లా నేను మీట లాగి, అరచెయ్యి నడుం దాకా దించితే, నువ్వు వెంటనే చెయ్యి లోపలికి పెట్టేసేదానివి. నిజంగా ఆగిందా అని ఒక్కసారైనా మగ్గం వైపు చూశావా? లేదు. నా చెయ్యి చూసేదానివి, అంతే. నా ఉత్తరాన్నీ అలాగే చూసి మిషను తీసి బీరువాలో పెట్టేశావు.

ఆగలేదు అక్కా. నడుస్తూనే ఉంది. చెయ్యి బయటకు తీసెయ్.

ఇట్లు,
నీ పక్క మగ్గం
చెల్లెలు